సంతకాలన్నీ సరిగ్గానే ఉంటాయి

అనంతపురంలో బీమా అనగానే చాలామందికి గుర్తొచ్చేది పంటల బీమా. చెనిక్కాయ ఎండిపోయిన ఏడాది డబ్బు పడుతుందా, పడితే మన ఊరికి ఎంత అని ఎదురుచూసి విసిగిపోయిన జిల్లా ఇది. ఆ సంగతి అమ్మేవాళ్లకీ తెలుసు. అందుకే ఇక్కడ జీవిత బీమా అంటగట్టేవాళ్లు బీమా అన్న మాటే ఎత్తరు. స్కీమ్ అంటారు, బాండ్ అంటారు. బ్యాంకులో అయితే 'డిపాజిట్ లాంటిదే' అంటారు.

మా ఎదురింటాయన ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. చేతికొచ్చిన సొమ్ములో 2 లక్షలు ఎఫ్‌డీ వేద్దామని 2023 మార్చిలో బ్యాంకుకు వెళ్లారు. మార్చి అంటే టార్గెట్ల నెల. కుర్చీ వేశారు, టీ తెప్పించారు. 'ఎఫ్‌డీ కంటే ఎక్కువొస్తుంది పెద్దాయనా, ఒకసారి కడితే చాలు' అని ఏడెనిమిది చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: 2 లక్షల ప్రీమియం కట్టాలి. తీరా చూస్తే అది పదేళ్లపాటు ఏటా కట్టాల్సిన పాలసీ. అమ్మిన ఆఫీసరు అప్పటికే కడపకు బదిలీ అయిపోయాడు. అప్పటి నిబంధనల ప్రకారం, రెండేళ్ల ప్రీమియం కట్టకముందే మానేస్తే ఇలాంటి పాలసీలో చేతికి పైసా రాదు. మొదటి 2 లక్షలు మునిగిపోకూడదని భార్య గాజులు, గొలుసు తాకట్టు పెట్టి రెండోది కట్టారు. తాకట్టు పెట్టింది కూడా ఆ బ్యాంకులోనే.

ఆ బాండ్ నాకు చూపించారు. మొదటి పేజీ మీద పసుపు బొట్టు ఉంది. లోపల ఆయన వృత్తి 'వ్యాపారం', ఏడాది ఆదాయం 8 లక్షలు. రాబడి ఎలా ఉండొచ్చో చూపే పట్టికలో 4 శాతం, 8 శాతం అని రెండు వరుసలుంటాయి. 8 శాతం వరుస చుట్టూ మాత్రమే పెన్నుతో సున్నా చుట్టారు. తెలుగులో సంతకం చేసినవారికి ఫారంలోని విషయాలు వారి భాషలో వివరించామని ఇంకొకరు హామీ ఇవ్వాలి. ఆ సంతకమూ ఉంది. హామీ వాక్యం మాత్రం ఇంగ్లీషులో ఉంది.

కంపెనీ నుంచి వచ్చే వెరిఫికేషన్ కాల్‌ కూడా సక్రమంగానే నడిచింది. అన్నీ అర్థమయ్యాయా అని అడిగారు, అవునన్నారు. ఏటా కట్టాలని తెలుసా అంటే దానికీ అవునన్నారు. కాల్ వచ్చినప్పుడు అన్నిటికీ అవునని చెప్పమని, లేకపోతే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుందని ఆఫీసరు ముందే చెప్పి ఉంచాడు మరి.

చిక్కంతా ఇక్కడే ఉంది. అబద్ధం చెప్పింది నోటితో. రేపు విచారణకు వచ్చేవాళ్లు చూసేది కాగితాలు. కంపెనీ ఫైల్లో సంతకాలున్నాయి, పట్టిక ఉంది, కాల్ రికార్డింగ్ ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి ఎంత నిజాయితీపరుడైనా ఆ ఫైల్లో తప్పు పట్టలేడు. అది తయారు చేసిందే తప్పు దొరక్కుండా.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లెక్కల్లో తప్పుడు అమ్మకాలకు 'అన్యాయమైన వ్యాపార పద్ధతులు' అని ఒక పద్దు ఉంది. జీవిత బీమా కంపెనీల మీద ఆ పద్దు కింద 2023-24లో 23,335 ఫిర్యాదులు వస్తే 2024-25లో 26,667 వచ్చాయి. మొత్తం ఫిర్యాదులు మాత్రం లక్షా 20 వేల దగ్గరే ఆగాయి. అంటే మిగతా సమస్యలు కాస్త తగ్గుతున్నా ఇది పెరుగుతోంది. పైగా ఇది ఫిర్యాదు చేయగలిగినవాళ్ల లెక్క. రాయదుర్గం పల్లెల్లో గోల్డ్ లోన్‌తో పాటు పాలసీ తగిలించుకుని, రెండో ఏడాది కట్టలేక 'పోతే పోనీ' అనుకున్నవాళ్లు ఇందులో లేరు.

విచారణ జరిగినా దాని నడక ఎలా ఉంటుందో ఆన్‌లైన్‌లో బీమా అమ్మే పాలసీబజార్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. సరైన ఆధారం చూపకుండా కొన్ని యూలిప్‌లను (పెట్టుబడితో ముడిపడ్డ బీమా పాలసీలను) 'టాప్' అని చూపడం సహా పలు ఉల్లంఘనలకు ఆ సంస్థకు 5 కోట్ల జరిమానా పడింది. తనిఖీ జరిగింది 2020 జూన్‌లో, ఉత్తర్వు వచ్చింది 2025 ఆగస్టులో. ఆ ఐదేళ్లలో మా ఎదురింటాయన రిటైరయ్యారు, మోసపోయారు, గాజులూ తాకట్టు పెట్టారు. పోనీ జరిమానా పడిందే అనుకుందాం. అందులో ఒక్క రూపాయి కూడా పాలసీదారుకు రాదు.

బ్రిటన్‌లో అప్పులతో కలిపి అంటగట్టిన పీపీఐ (అప్పు కట్టలేని పరిస్థితి వస్తే వాయిదాలు కట్టే) బీమా వ్యవహారంలో బ్యాంకులు ఖాతాదారులకు దాదాపు 38 వందల కోట్ల పౌండ్లు తిరిగి ఇచ్చాయి. అక్కడివాళ్లు మనకంటే మంచివాళ్లేం కాదు, వెనక్కి ఇవ్వక తప్పని పరిస్థితి వచ్చింది కాబట్టి ఇచ్చారు. మన దగ్గర 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన బీమా చట్ట సవరణ, అక్రమంగా సంపాదించిన లాభాన్ని కక్కించే అధికారాన్ని ఐఆర్‌డీఏఐకి ఇచ్చింది. ఆ అధికారాన్ని మొదటిసారి ఎవరి మీద వాడతారో చూడాలి.

వాడే ఉద్దేశమే ఉంటే ఫైళ్ల కంటే ముందు అడగాల్సిన లెక్క ఒకటుంది. ఏ బ్రాంచిలో అమ్మిన పాలసీల్లో ఎన్నిటికి రెండో ప్రీమియం పడలేదు? కంపెనీల దగ్గర ఈ లెక్క ఎప్పుడూ ఉంటుంది, పదమూడో నెల లెక్క అంటారు. ప్రచురించేటప్పుడు కంపెనీ మొత్తానికి కలిపి సగటు చూపిస్తారు. ఆ సగటులో అన్నీ కలిసిపోతాయి. బ్రాంచీల వారీగా విడగొట్టి, కొన్నవారి వయసుతో కలిపి చూస్తే, మార్చి నెలలో అరవై దాటినవారికి పదేళ్ల పాలసీలు ఎక్కడ కుప్పలుగా అమ్మారో అరగంటలో బయటపడుతుంది. ఆ జాబితాలోని పెద్దవాళ్లకు ఫోన్ చేసి, తెలుగులో, 'మీరు బ్యాంకుకు ఎందుకు వెళ్లారు?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

పాలసీ అమ్మినందుకు దక్కే కమీషన్ సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడరు. 2023లో ఒక్కో పాలసీకి ఉన్న పరిమితి తీసేసి, మొత్తం ఖర్చుల హద్దులో ఎంత ఇవ్వాలో కంపెనీలకే వదిలేశారు. బ్యాంకులు బీమా అంటగట్టడం గురించి ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 నవంబరులో బహిరంగంగానే ఆక్షేపించారు. ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రక్షణ ఇచ్చే ప్రభుత్వ బీమా పథకం జీవన్ జ్యోతి గురించి బ్యాంకులో ఎవరూ టీ ఇచ్చి చెప్పరు. వయసు యాభై దాటాక అందులో చేరడానికి వీల్లేదు కాబట్టి మా ఎదురింటాయనకు అది దొరికేది కాదు, నిజమే. కానీ యాభై దాటనివారి దగ్గరైనా దాని సంగతి ఎవరెత్తుతారు?

నిబంధనలు కొంత మెరుగయ్యాయి, కాదనను. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు ఇప్పుడు 30 రోజులు. 2024 అక్టోబరు నుంచి ఒక ఏడాది కట్టి మానేసినా ఎంతో కొంత వస్తుంది. అయితే బీరువాలో పెట్టిన బాండ్‌ను ముప్పై రోజుల్లో ఎవరు తీసి చదువుతారు?

మూడో ప్రీమియం ఆయన కట్టలేదు. కంపెనీకి రాస్తే, గడువు దాటింది, కాల్‌లో మీరే ఒప్పుకున్నారని జవాబు వచ్చింది. హైదరాబాద్‌లో, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, విచారణకు వీడియోలోనూ హాజరు కావచ్చు. ఫారం నింపుతుంటే ఆయన నన్ను ఒకటే అడిగారు: 'ఆ రోజు ఫోన్‌లో అవునని చెప్పినాను కదప్పా, ఇప్పుడు కాదంటే నామీద కేసు పెడతారా?'