టర్కిష్ తేదీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టర్కిష్ తేదీ గారికి,

రెండేళ్లుగా అంకారాలో ఉంటూ, రోజుకొక ఫారంలోనైనా మీ ముందు తల వంచుతున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ నేను క్షేమం. మీరు నాకంటే క్షేమంగా ఉన్నారని గోడ మీది క్యాలెండరు చెబుతూనే ఉంది. ఉభయకుశలోపరి.

మొదటి పరిచయంలో మీరు ఎంత మంచివారుగా కనిపించారో చెప్పకపోతే నాకే పాపం. ముందు రోజు, తరువాత నెల, చివర సంవత్సరం, మధ్యలో చుక్కలు: 29.10.1923. వారం పేరు కూడా కావాలంటే అన్నిటికంటే వెనక్కి వెళ్లి నిలబడుతుంది: 29 ఎకిమ్ 1923 పజార్తెసి, అంటే 1923 అక్టోబరు 29, సోమవారం. మీ అసలు పేరు ‘తారిహ్’ అని తెలిసిన రోజున, మా తారీఖుకు మేనమామ దొరికినంత సంబరపడ్డాను. మీ దేశంలో ఆ ఒక్క మాటకే చరిత్ర అనే అర్థం కూడా ఉందని, మిమ్మల్ని నేర్చుకోవడమంటే దాన్నీ మోయడమని అప్పటికి తెలియదు. సంవత్సరాన్ని మేము ‘పందొమ్మిది వందల ఇరవై మూడు’ అని వందల్లో చెబితే మీరు ‘బిన్ దొకుజ్ యుజ్ యిర్మి ఉచ్’ అని వెయ్యి నుంచి మొదలుపెడతారు. మా వెయ్యికి లాగే మీ ‘బిన్’కు కూడా ముందు ‘ఒకటి’ అక్కరలేదు. ఇక ‘అయిన్ కచి?’ అని పక్కింటివారు అడిగిన నాడు నా కళ్లు చెమర్చాయి. ‘ఈ రోజు ఎన్నో తారీఖు?’ అన్నదాన్ని అచ్చంగా అడగగలిగే భాష ఒకటి ఉందని, దశరథుడికి రాముడు ఎన్నో కొడుకో ఇంగ్లీషులో అడగలేక చిన్నప్పటి నుంచి అవస్థపడ్డ వాడికి అంతకంటే ఏం కావాలి?

అసలు గొడవ ఆ తరువాత మొదలైంది. ‘1923లో’ అనవలసి వచ్చింది.

మా ‘లో’ ఎంత అమాయకురాలో మీకు తెలియదు. ఏ అంకె పక్కన కూర్చోమన్నా కూర్చుంటుంది, పేరు అడగదు, ఊరు అడగదు. మీరు మాత్రం ముందు అంకె నెత్తిన ఒక చిన్న కామా తగిలించి, ఆ వెనుక తె, దె, త, ద అనే నలుగురిలో ఎవరిని పిలవాలో నన్నే తేల్చుకోమంటారు. తేల్చుకోవడానికి ఆధారం కాగితం మీద ఉండదు. అంకెను నోటితో చదివి, చివరి మాటలో చివరి అచ్చు ఏదో చూసి, ఆఖరి అక్షరం పరుషమా సరళమా అని విచారించి, అప్పుడు పెట్టాలి. 1960'త, 1970'తె, 1980'దె, 1990'ద: వరుసగా నాలుగు దశాబ్దాలు, నలుగురూ హాజరు! అరవై మీ నోట ‘అల్త్‌మిష్’, డెబ్బై ‘యెత్‌మిష్’. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకే ‘మిష్’. మీ లిపిలో మాత్రం ఒకదాని ఇకారానికి నెత్తిన చుక్క ఉండదు, రెండోదానికి ఉంటుంది. 1928 నవంబరు 1న లాటిన్ అక్షరాలకు చట్టం చేసినవారు చుక్క లేని ఆ ఇకారాన్ని కూడా వర్ణమాలలో చేర్చారు. ఆ ఒక్క చుక్క మీద నా వాక్యం తలకిందులవుతుందని వారు అప్పుడు ఊహించి ఉండరు.

పరుషాలను గుర్తు పెట్టుకోవడానికి మీ బడిపిల్లలకు ‘ఫిస్తిక్‌చి షహాప్’ అనే పిస్తాల వర్తకుడున్నాడు. ఆయన పేరులోని హల్లులన్నీ పరుషాలే. మా ఛందస్సుకు యమాతారాజభానసలగం ఎలాగో మీ తేదీకి ఆయన అలాగ. ఇప్పుడు నేను బ్యాంకు ఫారం నింపుతున్నప్పుడు పెదవులు కదులుతుంటే, ఎదుటివారు నేను జపం చేసుకుంటున్నాననుకుంటున్నారు. నిజానికి నేను పిస్తాలు బేరమాడుతున్నాను.

ఒక సాయంత్రం తరగతిలో పలక మీద 2026'దె అని రాశాను. మా హోజా గారు, అంటే పంతులమ్మ, పెద్దావిడ, తప్పని అనలేదు. ‘ఒకుయున్’ అన్నారు, చదవండి అని. ‘ఇకి బిన్ యిర్మి అల్తి’ అని చదివేసరికి, ఆ ‘అల్తి’ నాలుక దాటకముందే నా చెయ్యి తనంతట తానే ‘దె’ను చెరిపి ‘ద’ అని దిద్దింది. నోరు మూసుకుని ఎవరూ మిమ్మల్ని రాయలేరని నాకు అర్థమైన రోజు అది. అయినా ఉక్రోషం కొద్దీ, మా భాషలో ఇలాంటి చాదస్తాలు లేవన్నాను. ‘కు’ అనే అర్థానికి మీరేమంటారని ఆవిడ అడిగారు. ‘నదికి, చెట్టుకు’ అన్నాను. రెండూ ఒకటి కావేం అన్నారు. ఇకారం ముందుంటే ‘కి’, లేకపోతే ‘కు’ అని చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి టీకి వెళ్లారు.

వారాల సంగతి కూడా విన్నవించక తప్పదు. మీ ఆదివారం ‘పజార్’, మా బజారే. సోమవారానికి సొంత పేరంటూ లేదు, బజారు మర్నాడు కాబట్టి ‘పజార్తెసి’. శుక్రవారం ‘జుమా’, శనివారం దాని మర్నాడు, ‘జుమార్తెసి’. బుధవారం ‘చార్షంబా’లో ఉన్నది మా చార్మినార్‌లోని నాలుగే కాబట్టి దాన్ని క్షమించాను. కానీ పళ్ల డాక్టరు దగ్గర ఫోనులో చెప్పిన ‘పజార్తెసి’లో నాకు మొదటి సగమే వినబడింది. వాచిన బుగ్గతో ఆదివారం పొద్దున్నే వెళ్లి, దించిన షట్టరు ముందు అరగంట నిలబడ్డాను. తల మీద పళ్లెంతో పోతున్న, సిమిత్ అనే నువ్వుల రొట్టె చక్రాలు అమ్మే అబ్బాయి జాలిపడి, ‘పజార్ దెయిల్ ఆబీ, పజార్తెసి’ అన్నాడు, ఆదివారం కాదన్నా, సోమవారం అని. ఆ ‘ఎర్తెసి’ అనే తోక విలువ ఒక రోజు, ఒక రాత్రి, నాలుగు నొప్పి మాత్రలు.

నెలల జోలికి ఎక్కువ పోను. మాకు అధిక శ్రావణం, నిజ శ్రావణం ఉన్నట్టే, ఒకప్పుడు మీకు మొదటి తెష్రీన్, రెండో తెష్రీన్, మొదటి కానూన్, రెండో కానూన్ ఉండేవి. 1945 జనవరి 10న చట్టం చేసి ఆ నాలుగింటినీ తీసేశారు. చట్టాన్ని కూడా మీరు ‘కానూన్’ అనే అంటారు కాబట్టి, కానూన్‌ను కానూనే మింగిందన్నమాట. వాటి స్థానంలో అక్టోబరుకు విత్తడం అనే ‘ఎకిమ్’, డిసెంబరుకు సందు అనే ‘అరలిక్’, జనవరికి పొయ్యి అనే ‘ఒజక్’ వచ్చాయి. పొయ్యి పేరున్న నెలలో అంకారాలో కొళాయి నీళ్లు గడ్డకడతాయి. అది వ్యంగ్యమో ఓదార్పో మీరే చెప్పాలి.

మీ పాత లెక్కలు ఇంకా విడ్డూరం. ‘93 యుద్ధం’ అంటే 1893 అనుకుని పరీక్షలో రాశాను. అది రూమీ అనే మీ పాత ఒట్టోమాన్ క్యాలెండరులో 1293, అంటే 1877లో రష్యాతో మొదలైన యుద్ధమట. ‘మార్చి 31 ఘటన’ అని మీరు పిలిచే ఇస్తాంబుల్ తిరుగుబాటు జరిగింది 1909 ఏప్రిల్ 13న. ఆ లెక్కలో సంవత్సరం మాత్రమే కాదు, రోజు కూడా పదమూడు గడులు వెనక ఉండేది. 1926 జనవరి 1 నుంచి లోకంతో పాటు నడుస్తున్నారు, సంతోషం. కానీ పేర్లు అక్కడే ఆగిపోయాయి. మా తాతగారి భూమి కాగితాల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలుపుకుని పెరిగినవాణ్ని కాబట్టి గట్టిగా దెప్పలేను.

ఉత్తరం చివర మేము తేదీ వేస్తాం. మీవారు ‘తారిహ్ అత్మక్’ అంటారు, అంటే విసరడం. రాయి వేయడం కూడా మాకు వేయడమే గనుక, ఇక్కడ కూడా మనకు చుట్టరికమే. మీరు విసిరినవి రెండేళ్లుగా నాకు తగులుతూనే ఉన్నాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
అంకారా నుంచి.

తేదీ: పిస్తాల షహాప్ గారిని కనుక్కుని వేయబడును.