వెనక నిలబడే పిల్లకు ముందేమున్నది?

హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం మెట్ల మీద వాదన. ఇంటర్ రెండో ఏడాది పిల్ల, ఆడేది ఫుట్‌బాల్, గోలు ముందర నడుమ కాపు కాసే సెంటర్ బ్యాక్. ఇండియన్ విమెన్స్ లీగ్‌ల ఆడే ఒక క్లబ్బు నుంచి ఒక్క సీజన్ కాంట్రాక్టు వచ్చింది. పంపాలంటడు పీఈటీ సారు. వద్దంటడు కాజీపేట రైల్వేల పనిచేసే మేనమామ.

మేనమామ: పేరంతా గోలు కొట్టినోళ్లదే సారూ. మన నిజామాబాద్ దిక్కు గుగులోతు సౌమ్య ముందుండి ఆడింది, క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ దాంక పోయింది. మా పిల్లనేమో మీరు వెనక నిలబెడితిరి. గోలు పడితే తిట్లు, ఆపితే ఎవరికీ యాదుండదు.

పీఈటీ సారు: ఆశాలతా దేవి డిఫెండరే గద తమ్మీ! మణిపూర్ ఆమె, దేశానికి కెప్టెన్ చేసింది. 2024ల వంద అంతర్జాతీయ మ్యాచులు నిండినయి. మన ఆడపిల్లలల్ల ఆ లెక్క ముట్టిన మొదటి మనిషి.

మేనమామ: ఒక్క పేరు చెప్తిరి. 2024-25ల ఆ లీగుల ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచులు. జనవరిల మొదలైతే ఎండలు ముదిరేసరికి సరి. మిగతా నెలలు ఏం తినాలె? తెలంగాణ జట్టు ఒక్కటి లేకపాయె. అదే రైల్వేల స్పోర్ట్స్ కోటా అయితే నెల జీతం, పాసు, దవాఖాన. దానికి వయసు 18 నుంచి 25 దాంకనే, ఆ ఏడేండ్లు పారేసుకుంటమా?

పీఈటీ సారు: కోటాల ఏం చూస్తరు? ఏ స్థాయిల ఆడింది, జట్టుకు ఎన్నో స్థానం వచ్చింది. ఇక్కడ జిల్లా టోర్నీలు ఆడుకుంటుంటే ఆ కాగితం యాడికెళ్లొస్తది?

మేనమామ: అయినా నిలబడి తన్నుడే కదా, దానికి గంత పోటీనా?

పీఈటీ సారు: నిలబడి తన్నేదే అయితే నేను కూడ ఆడుదును. గోలు కొట్టే ఎదుటి ఫార్వర్డ్ మీదికొస్తుంటే ఎదురుగ నిటారుగ నిలబడితే కాళ్ల సందుల నుంచే బంతి పోతది. ఒక భుజం ముందుకు, ఒకటి వెనక్కు, మోకాళ్లు కొంచెం వంచి, మీటరున్నర దూరం. ఇంకా దగ్గరికి పోతే ఒక్క తాకుకు దాటిపోతది. మరీ దూరముంటే తలెత్తి పాసు చూసుకుంటది. చూపు బంతి మీదుండాలె, ఆమె కాళ్ల మాయల పడొద్దు. గ్రౌండ్ పక్క గీత దిక్కు తోలుకపోవాలె. ఇగ ఆఫ్‌సైడ్ కథ: బంతి తన్నే ఘడియకు ఎదుటి ఫార్వర్డ్ మన వెనక వరుస బ్యాక్‌లను దాటి గోలు దిక్కుంటే ఆ పాసు చెల్లది. బంతి కాడున్న పిల్ల తల దించిందా, నలుగురు బ్యాక్‌లు ఒక్కసారే ముందుకు. ఖాళీ దొరికి తలెత్తిందా, నలుగురు వెనక్కి. ఒక్క పిల్ల రెండడుగులు ఆలస్యమైతే ఎదుటి ఫార్వర్డ్‌కు పండుగే. ఆ నలుగురిని కదిలించే కేక సెంటర్ బ్యాక్‌దే. మీ పిల్లకు ఆ గొంతున్నది. గోలు కొట్టేటోళ్లు నాకు దొరుకుతరు, ఆ గొంతు దొరకది.

మేనమామ: గొంతుతోని మోకాలు ఆగుతదా? ఆడపిల్లలకు మోకాలు లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగుడు మగపిల్లలకంటె ఎక్కువని మీరే అంటరు. ఆపరేషనైతే తొమ్మిది నెలలు మూలకు.

పీఈటీ సారు: నిజమే. చాలాసార్లు ఎవరూ తగలకుండనే తెగుతది. ఉరుకుతూ గభాల్న ఆగి తిరుగుతది, పాదం నేలల పాతుకపోతది, మోకాలు లోపలికి ఒరుగుతది. అందుకే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన 11+ వార్మప్: ఎనిమిది నిమిషాలు ఉరుకుడు, పది నిమిషాలు బలం, దుంకుడు, ఒంటికాలు మీద నిలబడుడు, ఆఖర్న రెండు నిమిషాలు జోరుగ ఉరుకుడు. దుంకి దిగినప్పుడు మోకాలు కాలివేళ్ల దిక్కే ఉండాలె.

మేనమామ: మీ గ్రౌండ్‌ల రెండు రౌండ్లు కొట్టి బంతి అందుకుంటరు, నేను చూస్తలేనా?

పీఈటీ సారు: చూసినవు, ఒప్పుకుంట. పిల్లలకు ఓపిక లేదు, మాకు మనుషుల్లేరు. ఇంకొకటి, ఎండకాలం రాయిలెక్క గట్టిపడే మన నేల మీద అడుగున పొడుగు స్టడ్లున్న బూట్లు ఏసుకొస్తరు, షాపోడు అవే ఇస్తడు. వాటికి బదులు పొట్టి రబ్బరు గుబ్బలు ఎక్కువున్నయి కొనాలె.

మేనమామ: సరే, కాంట్రాక్టుల ఏమున్నది?

పీఈటీ సారు: నెల జీతం, ఉండేతందుకు, తినేతందుకు. పెండ్లై పిల్లలైతే ఫిఫా నియమం 2021 నుంచి ఉండనే ఉన్నది: కాంట్రాక్టు నడిచినప్పుడు కనీసం 14 వారాల సెలవు, జీతంల మూడింట రెండొంతులు.

మేనమామ: పెండ్లి ముచ్చట నాకిడిసిపెట్టుండ్రి. ఆఖరి మ్యాచుల మోకాలు తెగింది, వారానికి కాంట్రాక్టు అయిపోయింది. ఆపరేషన్ పైసలెవరియ్యాలె? ఆ తొమ్మిది నెలల జీతమెవరిస్తరు?

పీఈటీ సారు: ...అది రాసిలేదు.

మేనమామ: రాయించుండ్రి. గప్పటిదాంక సర్టిఫికెట్లు మా ఇంట్ల బీరువలనే ఉంటయి.