పనసకాయతో షుగర్ తగ్గాలంటే ముందు అన్నం తగ్గాలి

పనసకాయ తింటే షుగర్ తగ్గుతుందన్న మాట కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. దానికి ఆధారంగా చూపే పరిశోధన జరిగింది శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలోనే. అందులో ఏం తేలిందో ముందుగా తెలియవలసింది మన జిల్లాకే.

టైప్ 2 మధుమేహం ఉన్న 40 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రోజుకు 30 గ్రాముల పచ్చి పనసకాయ పిండి, మరో జట్టుకు అంతే మామూలు పిండి, 12 వారాలపాటు ఇచ్చారు. ఎవరు ఏది తింటున్నారో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పనస జట్టులో 0.25 శాతం తగ్గింది, రెండో జట్టులో దాదాపు కదలలేదు. అంటే 8.5 ఉన్నవారికి 8.25 అవుతుంది. మేలే, కానీ మందులు మానేసేంత మేలు కాదు. పాల్గొన్నది 40 మందే. ఆ పిండిని అమ్మే సంస్థ వ్యవస్థాపకుడూ రచయితల్లో ఒకరు. ఈ రెండూ మరచిపోకూడదు.

అసలు కీలకం వేరే ఉంది. ఆ పిండిని వరి, గోధుమలకు బదులుగా వాడారు. మన ఇళ్లలో జరిగేది అది కాదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రుచికి మరో రెండు ముద్దల అన్నం అదనంగా లోపలికి వెళుతుంది. కూర పెరిగి అన్నం సగమైతేనే లాభం. అన్నం అలాగే ఉంటే పనస చేయగలిగేది ఏమీ లేదు. పిక్కలదీ ఇదే లెక్క. వాటిలో పిండిపదార్థం ఎక్కువ కాబట్టి పిక్కల కూర వండిన రోజు కూడా అన్నం తగ్గాల్సిందే.

పండు సంగతి వేరు. ముగ్గేకొద్దీ కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. 100 గ్రాముల తొనల్లో సుమారు 19 గ్రాముల చక్కెర ఉంటుంది. షుగర్ అదుపులో ఉన్నవారు రెండు మూడు తొనలు తిన్నంత మాత్రాన ప్రమాదమేమీ ముంచుకురాదు. చిక్కల్లా భోజనం మీద తినడంలో, ఇంట్లో కాయ కోసినప్పుడు మూడింటి దగ్గర ఆగలేకపోవడంలో ఉంది.

ఇంతవరకు చెప్పింది మూత్రపిండాలు బాగున్నవారికే. మన జిల్లాలో పనస బాగా పండే ఉద్దానమే కిడ్నీ జబ్బుల ఉద్దానం కూడా. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో మధుమేహం లేనివారికీ ఆ జబ్బు వస్తోంది, మూలకారణం ఇప్పటికీ తేలలేదు. మధుమేహమూ తోడైతే నష్టం రెట్టింపు. 100 గ్రాముల పనస తొనల్లో దాదాపు 450 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. షుగర్‌కు మంచిదని డయాలసిస్ రోగి చేతిలో పనస పెట్టడం ఎంత అన్యాయం! ఎక్కడివారికోసమో రాసిన సందేశాల్లో ఈ హెచ్చరిక ఉండదు. అందుకే ఉద్దానంలో షుగర్ ఉన్నవారికి పనస తినమని చెప్పే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చూడాలి. ఈ బాధ్యత గ్రామాల్లోని ఆరోగ్య సిబ్బంది తీసుకోవాలి, సీజన్ మొదలవకముందే ఇంటింటికీ చెప్పాలి.

కిడ్నీలు సరిగా ఉన్నాయని తేలినవారికి గ్లూకోమీటరే మంచి సలహాదారు. అన్నం తగ్గించి పనస కూర తిన్న రెండు గంటలకు ఒకసారి, మామూలు భోజనం తర్వాత అదే సమయానికి మరోసారి చూసుకుంటే తేడా కనిపిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. చక్కెర మరీ పడిపోవచ్చు కనుక మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.