డిపోలు ఎవరి ఆస్తి?

ముంబయిలోని కొలాబాలో నేడు నగర బస్సులు, విద్యుత్ సరఫరా చూసే ‘బెస్ట్’ సంస్థ కార్యాలయం, ఎలక్ట్రిక్ హౌస్ ఉన్న వైపున ఒకప్పుడు ట్రాము కంపెనీ ఉండేది. కొలాబా నుంచి పైధోనీకి 1874 మే 9న తొలి గుర్రపు ట్రాము నడిపిన స్టెర్న్స్ అండ్ కిట్రెడ్జ్ సంస్థ అది. దాని శాలలో 900 గుర్రాలు ఉండేవని బెస్ట్ చరిత్ర చెబుతోంది. ఛార్జీ మూడణాలు, టికెట్టు మాత్రం ఇచ్చేవారు కాదు. నేటి ఆడిటర్లకు గుండె ఆగే పద్ధతే! అన్ని గుర్రాలకు గడ్డి, దాణా, నీళ్లు, నాడాలు, వైద్యం సమకూర్చాలి. రోజంతా లాగి అలసిన వాటిని కట్టేయడానికి చోటు కావాలి. ఆ చోటే డిపో. అది లేకపోతే మర్నాడు ట్రాము కదలదు.

తర్వాత గుర్రాలు సెలవు తీసుకున్నాయి. 1907 మే 7న విద్యుత్ ట్రాము, 1926 జులై 15న బస్సు వచ్చాయి. 1947 ఆగస్టులో ట్రాములు, బస్సులు నడిపే కంపెనీని నగర పాలక సంస్థ స్వాధీనం చేసుకుంది. ఈ చరిత్రలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. 1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్‌కు ఆఖరి ట్రాము వెళ్లిపోయినా, ట్రాములూ బస్సులూ ఒకే ప్రజాసంస్థవి కావడంతో కొలాబా స్థలం బస్సుల చేతికి వచ్చింది. వాహనం మారింది, స్థలం ప్రయాణికుల పనిలోనే ఉండిపోయింది.

కోల్‌కతా మరో దారి పట్టింది. గరియాహాట్ డిపోలో 2020లో ‘ట్రామ్ వరల్డ్’ పేరిట ప్రదర్శనశాల తెరిచారు. 2024 సెప్టెంబరులో, మైదాన్ వైపు ఒక్క మార్గం తప్ప మిగతా ట్రాములన్నీ ఆపేస్తామని రాష్ట్ర రవాణా మంత్రి ప్రకటించారు. ప్రదర్శనశాలపై మాకు అభ్యంతరం లేదు. అది రవాణాకు ప్రత్యామ్నాయం కాదన్నదే మా మాట.

ముంబయిలోనూ డిపో స్థలాలను వాణిజ్య నిర్మాణాలకు ఇచ్చే ప్రతిపాదనలు తరచూ ముందుకొస్తున్నాయి. సంస్థ నష్టాల్లో ఉందన్నది నిజం. ఒకప్పుడు విద్యుత్ విభాగం మిగులుతో బస్సుల లోటు పూడ్చేవారు. ఆ ఊతం సన్నగిల్లింది. అయితే స్థలం ఇచ్చి తెచ్చిన సొమ్ము కొన్నాళ్ల జీతాలకు, బకాయిలకు సరిపోతుందేమో. ఆ తర్వాత ఊరి చివర నిలిపిన బస్సు ఉదయం, రాత్రి మైళ్లకు మైళ్లు ఖాళీగా తిరగాలి. ఆ ఖర్చు ఏటా తప్పదు. పైగా విద్యుత్ బస్సులకు రాత్రిపూట ఛార్జింగుకు చోటు, భారీ విద్యుత్ కనెక్షన్ డిపోలోనే ఉండాలి. అమ్మేసిన స్థలాన్ని నగరం నడిబొడ్డున మళ్లీ కొనే శక్తి ఏ పాలక సంస్థకూ ఉండదు.

కాబట్టి ఏ డిపోనైనా లీజుకు ఇచ్చే ముందు రెండు విషయాలు తేల్చాలి. నిర్మాణం పూర్తయ్యాక అక్కడ ఎన్ని బస్సులు నిలిచేదీ, ఎన్నింటికి ఛార్జింగు దొరికేదీ ఒప్పందంలో అంకెలతో రాయాలి. ఆ ఒప్పందాన్ని సంతకాలకు ముందే ప్రజల ముందుంచి, పాలక సంస్థ సభలో చర్చకు పెట్టాలి.