23 లక్షలకు దుబాయ్ ‘లైఫ్‌టైమ్’ వీసా: లేనిదానికి ధర కట్టి అమ్ముతున్నారు

దుబాయ్ గోల్డెన్ వీసా (దీర్ఘకాలం నివసించడానికి యూఏఈ ఇచ్చే అనుమతి) గురించిన ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. లక్ష దిర్హాములు, అంటే దాదాపు 23 లక్షల 30 వేల రూపాయలు కడితే చాలు, భారతీయులకు యూఏఈలో జీవితాంతం ఉండే వీసా ఇస్తారట. ఇల్లు కొనక్కర్లేదు, కంపెనీ పెట్టక్కర్లేదు, ‘నామినేషన్’ ఉంటే సరిపోతుందట. అప్లికేషన్ ఇక్కడి నుంచే పెట్టుకోవచ్చట. కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు, డ్రైవర్లను, పనివాళ్లను పెట్టుకోవచ్చు. నాలుగు చేతులు మారేసరికి దీనికి ఇంకో రెండు తోకలు కూడా మొలిచాయి: కొన్నేళ్లకు పౌరసత్వం ఇస్తారు, ఇండియాలో ఇన్‌కమ్ టాక్స్ కట్టే పని ఉండదు అని.

ఇది ఎవరో పనిలేక అల్లిన పుకారు కాదు. 2025 జులై 6న పీటీఐ వార్తాసంస్థ నుంచి వచ్చిన కథనం ఇది. దాదాపు అన్ని భాషల పత్రికలూ, టీవీలూ ఎత్తుకున్నాయి. ఇండియా, బంగ్లాదేశ్‌లలో మొదట ప్రయోగాత్మకంగా మొదలవుతోందని, మూడు నెలల్లో ఐదు వేల మందికి పైగా భారతీయులు దరఖాస్తు చేస్తారని అందులో రాశారు. రాయద్ గ్రూప్ అనే కన్సల్టెన్సీ ఈ పని చూస్తుందని కూడా ఉంది. రెండు రోజులు తిరక్కుండానే, జులై 8న, యూఏఈలో వీసాలు, గుర్తింపు కార్డులు చూసే ఫెడరల్ అథారిటీ (అక్కడ అందరూ ఐసీపీ అనే సంస్థ) అలాంటి పథకమేదీ లేదని ప్రకటన ఇచ్చింది. ఆ వెంటనే రాయద్ గ్రూప్ కూడా క్షమాపణ చెప్పి, ఆ సేవలు ఆపేస్తున్నామంది.

అక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ స్క్రీన్‌షాట్‌కి తేదీ ఉండదు కదా. వార్త ఫోటో అయి తిరుగుతోంది, ఖండనను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు. ‘పేపర్లో వచ్చింది’ అన్న ఒక్క మాట పట్టుకుని అడ్వాన్సులు అడిగేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? అందుకే ఒక్కో మాటనూ విడివిడిగా చూద్దాం. ఎందుకంటే ఈ అబద్ధంలో సగం ముక్కలు నిజాలే. అసలు తంటా అక్కడే ఉంది.

ముందు ‘జీవితాంతం’ అన్న మాట. గోల్డెన్ వీసా 2019లో మొదలైంది. మొదట్లో కొందరికి ఐదేళ్లు, కొందరికి పదేళ్లు ఇచ్చేవారు. 2022 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలతో ప్రధాన కేటగిరీల్లో చాలావరకు పదేళ్లకు వచ్చాయి. పదేళ్ల తర్వాత అర్హత ఉంటే రెన్యూవల్. అంతే. అమెరికా గ్రీన్ కార్డు లాంటిది అనుకుంటే పొరపాటు. ఆ ప్రచారంలో ఒక తెలివైన వాక్యం ఉంది: ఇల్లు చూపించి తీసుకున్న వీసా ఆ ఇల్లు అమ్మేస్తే పోతుంది, నామినేషన్ వీసా మాత్రం ఎప్పటికీ పోదు అని. మొదటి సగం నిజం, రెండో సగం కల్పన. మొదటిది నిజం కాబట్టే వినేవాడు రెండోదీ నమ్మేస్తాడు.

ఇక లక్ష దిర్హాములు. గోల్డెన్ వీసాకు ధర అనేదే లేదు. ఏదో ఒక కేటగిరీలో మీకు అర్హత ఉండాలి. ఉంటే ప్రభుత్వానికి కట్టే ఫీజులు, మెడికల్ టెస్టు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) అన్నీ కలిపినా కొన్ని వేల దిర్హాములే. అర్హత లేకపోతే లక్ష కాదు, ఐదు లక్షలు పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టినా తీసుకునే నాథుడు లేడు.

మరి నామినేషన్ మాటేమిటి? అది ఉన్న మాటే. సినిమా వాళ్లు గోల్డెన్ వీసా కార్డు పట్టుకుని దిగిన ఫోటోలు మనం చూశాం. మమ్ముట్టి, మోహన్‌లాల్‌లకు 2021లో ఇచ్చారు. కళాకారులకు, శాస్త్రవేత్తలకు, ఆటగాళ్లకు సంబంధిత ప్రభుత్వ శాఖ సిఫార్సు చేస్తుంది. 2025 మే నెలలో దుబాయ్ హెల్త్ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో 15 ఏళ్లకు పైబడి పనిచేసిన నర్సులకు గోల్డెన్ వీసా ఇస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. నామినేషన్ అంటే అదీ. పదిహేనేళ్లు వార్డుల్లో నిలబడి డ్యూటీ చేసినందుకు వచ్చింది. ఆ పేరును ఏదో ఆఫీసులో రసీదు మీద రాసి అమ్మడం ఎంత దుర్మార్గమో చెప్పక్కర్లేదు.

ఇల్లు కొనకుండా గోల్డెన్ వీసా వస్తుందా అంటే వస్తుంది. ఉద్యోగస్తుల్లో చాలామందికి దారి ఇదే. డిగ్రీ ఉండాలి, దానికి అటెస్టేషన్ (అసలైనదేనన్న అధికారిక ధ్రువీకరణ) అయి ఉండాలి, యూఏఈలో చెల్లే ఉద్యోగ ఒప్పందం ఉండాలి. అక్కడి కార్మిక శాఖ వర్గీకరణలో ఆ ఉద్యోగం మొదటి రెండు స్థాయిల్లో (మేనేజర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు లాంటివి) ఉండాలి. జీతం నెలకు 30 వేల దిర్హాములకు తగ్గకూడదు. మనవాళ్లు బోల్తా పడేది ఈ ఆఖరి షరతు దగ్గరే. దుబాయ్‌లో ఈ 30 వేలను అలవెన్సులు తీసేసి బేసిక్ (మూల జీతం) మీద చూస్తున్నారు. ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చూసుకోండి. బేసిక్ 18 వేలు, హౌసింగ్ 10 వేలు, ట్రాన్స్‌పోర్ట్ 3 వేలు, ఇతరాలు 4 వేలు అని ఉంటుంది. మొత్తం 35 వేలు, చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది. గోల్డెన్ వీసా లెక్కలో మాత్రం అది 18 వేలే. బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ పెట్టడం అక్కడి కంపెనీలకు మామూలు, ఎందుకంటే ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే కడతారు. ఇలాంటి ఉద్యోగికి కన్సల్టెన్సీ చేసిపెట్టేది ఏమీ లేదు. చేస్తే హెచ్‌ఆర్ వాళ్లే చేయాలి, కాంట్రాక్టులో బేసిక్ మార్చి.

అంత జీతం లేని వాళ్ల కోసం గ్రీన్ వీసా ఒకటుంది. ఐదేళ్లు. నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు 15 వేల దిర్హాముల జీతం, డిగ్రీ కావాలి. కంపెనీ స్పాన్సర్ చేయక్కర్లేదు. ఫ్రీలాన్సర్లకు వేరే షరతులతో ఇదే వీసా ఉంది. దీని గురించి ఒక్క ఫార్వర్డూ రాదు, చూశారా? ‘గోల్డెన్’ అన్న పేరులో ఉన్న మెరుపు దీనికి లేదు మరి.

డబ్బు పెట్టి పొందే దారి కూడా ఉంది, కాదనను. 20 లక్షల దిర్హాముల విలువైన ఆస్తి కొంటే గోల్డెన్ వీసాకు అర్హత వస్తుంది. మెసేజ్‌లో చెప్పిన రేటుతోనే లెక్కేస్తే అది 4 కోట్ల 66 లక్షల రూపాయలు. అంటే ప్రచారంలో ఉన్న మొత్తానికి సరిగ్గా ఇరవై రెట్లు! పైగా ఆ డబ్బు ఇక్కడి నుంచి పంపడం కూడా అంత సులువు కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇండియాలో ఉండే ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపగలిగింది రెండున్నర లక్షల డాలర్లు. దిర్హాము డాలరుకు కట్టేసి ఉంటుంది, డాలరుకు 3.6725. ఆ లెక్కన 20 లక్షల దిర్హాములంటే 5 లక్షల 44 వేల డాలర్ల పైచిలుకు. భార్యాభర్తలిద్దరూ పూర్తి పరిమితి వాడినా ఒక ఏడాదిలో ఆ మొత్తం పూర్తికాదు. పది లక్షల రూపాయలు దాటి పంపినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. చెక్కు మీద సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి. ‘హవాలాలో సర్దేస్తాం’ అని ఎవరైనా అంటే, లేచి వచ్చేయండి.

ఇండియా నుంచే అప్లై చేయొచ్చన్న దానికి ఐసీపీ ప్రకటనలోనే జవాబు ఉంది. గోల్డెన్ వీసా దరఖాస్తులన్నీ యూఏఈలోని అధికారిక ప్రభుత్వ మార్గాల ద్వారానే జరుగుతాయి, దేశం లోపల గానీ బయట గానీ ఏ కన్సల్టెన్సీకీ ఆ పని అప్పగించలేదు అని తేల్చి చెప్పారు. ఐసీపీ వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి. దుబాయ్ వరకైతే జీడీఆర్‌ఎఫ్‌ఏ అనే శాఖ చూస్తుంది. అర్హత ఉన్నవాళ్లకు లాంఛనాలు పూర్తి చేసుకోవడానికి ఆరు నెలల ఎంట్రీ వీసా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మెడికల్, వేలిముద్రలు అక్కడికి వెళ్లి ఇవ్వాల్సినవే. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్‌లోనో కూర్చుని ‘స్టాంపింగ్ అంతా మేమే చూసుకుంటాం’ అంటే అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నట్టే.

కుటుంబాన్ని, పనివాళ్లను తీసుకెళ్లొచ్చన్నది నిజమే. మామూలు వీసాతో పోలిస్తే గోల్డెన్ వీసాకు సౌకర్యాలు ఎక్కువ. పిల్లల వయసుతో నిమిత్తం లేదు. మామూలు రెసిడెన్సీ ఆరు నెలలకు మించి బయట ఉంటే రద్దవుతుంది, దీనికి ఆ బెంగ లేదు. ఇంటి పనివాళ్ల సంఖ్యకు పరిమితి లేదు. ఇంతవరకూ పేచీ లేదు.

కానీ ఈ పనివాళ్ల మాట జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లోకీ, ఇటు కోనసీమ, కడప వైపుకీ చేరేసరికి వేరే అర్థం తెచ్చుకుంటుంది. ‘మా సేఠ్‌కి గోల్డెన్ వీసా ఉంది, ఎంతమందినైనా పిలుస్తాడు, డ్రైవర్ వీసా ఇప్పిస్తా’ అంటాడు ఏజెంటు. ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా పేరుతో ఇన్నేళ్లూ అమ్మిన సరుకే, డబ్బా మారింది. ఇంటి పనివాడి వీసా మీద వెళ్లినవాడు ఆ ఇంట్లోనే పనిచేయాలి. బయట కంపెనీలో దొరికితే జరిమానా, ఆపైన ఇంటికి పంపించేయడం. అంతెందుకు, గోల్డెన్ వీసా ఉన్న పెద్దమనిషి సైతం ప్రైవేటు కంపెనీలో చేరాలంటే కార్మిక శాఖ వర్క్ పర్మిట్ తీసుకోవాల్సిందే. వ్యాపారం పెట్టాలంటే లైసెన్సు కావాలి. ‘ఏ పనైనా చేసుకోవచ్చు’ అనే మాట వెనక ఈ కాగితాలన్నీ ఉన్నాయి.

పని కోసం వెళ్లేవాళ్లకు మన చట్టమే ఒక హద్దు పెట్టింది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. వాళ్లు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆ శాఖ నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు, మూడు లక్షలు అడిగాడంటే, లైసెన్సు ఉన్నా సరే, చట్టం దాటినట్టే.

పౌరసత్వం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. గోల్డెన్ వీసా ఎన్నేళ్లు ఉన్నా అది పౌరసత్వానికి మెట్టు కాదు. 2021 జనవరిలో చట్టం సవరించి పెట్టుబడిదారులు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు లాంటి కొందరికి పౌరసత్వం ఇవ్వొచ్చన్నారు గానీ, అక్కడి పాలకులో, మంత్రివర్గమో ఎంపిక చేస్తేనే. మనం వెళ్లి ఫారం నింపేది కాదు.

టాక్స్ విషయంలో మాత్రం ఈ మెసేజ్‌ను నమ్మి చదువుకున్నవాళ్లే ఇరుక్కునేలా ఉన్నారు. పాస్‌పోర్టులో వీసా ఉన్నంత మాత్రాన ఎన్‌ఆర్‌ఐ అయిపోరు. ఆ ఏడాది ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే లెక్క, సాధారణంగా 182 రోజులు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు ఆ గడువు ఇంకా తగ్గుతుంది. అదీగాక, ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుడికి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే, ఒక్క రోజు ఇక్కడ ఉండకపోయినా చట్టం అతన్ని రెసిడెంట్ కిందే చూస్తుంది. దుబాయ్ జీతాన్ని అది ముట్టుకోదు గానీ, గోల్డెన్ వీసా కార్డు చూపించి ఇక్కడి అద్దెల మీద, వడ్డీల మీద పన్ను ఎగ్గొట్టడం కుదరదు.

ఎవరైనా మీ దగ్గరికి ఈ వీసా పట్టుకొస్తే రెండే ప్రశ్నలు వేయండి. ఏ కేటగిరీ కింద పెడుతున్నారు? నామినేషన్ అంటే, యూఏఈలో ఏ ప్రభుత్వ శాఖ నామినేట్ చేస్తోంది, ఆ ఉత్తరం ఏది? ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ‘ఫైల్ కదలాలంటే ఇంకొంచెం’ అన్నప్పుడు ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి. బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ చాట్లు, వాళ్లిచ్చిన రసీదు చెరిపేయకుండా పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఉద్యోగం పేరుతో తీసుకుని ఉంటే పోలీస్ స్టేషన్‌తో పాటు హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర అధికారి) ఆఫీసులో కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.