సద్దీ, నిన్ను ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్లు లేకపోయారు

సద్దీ,

నువ్వు బాగున్నావా అని అడగను. నువ్వు పడిపోయినప్పుడల్లా నా ఫోన్ మోగేటట్టు నేనే రాసి పెట్టుకున్నాను కాబట్టి నీ ఆరోగ్యం నాకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది, మొన్న తెల్లవారుజామున మూడింటికి కూడా తెలిసింది. ఈ ఉత్తరం వేరే సంగతి మీద. మూట విప్పి నిన్ను నలుగురు వెబ్ డెవలపర్ల ముందు పెట్టిన రోజు నుంచి మనిద్దరికీ సరిగ్గా మాటల్లేవు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, నీకెలాగూ నోరు లేదు.

పేరు చూసి తికమకపడేవాళ్ల కోసం కాస్త చెప్పాలి. నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక గల్లీ, పై అంతస్తులో ఒక గది, పగలంతా రైస్ మిల్లులకూ ఫంక్షన్ హాళ్లకూ వెబ్‌సైట్లు చేసిచ్చే పని, రాత్రయ్యాక నా కోసం నేను రాసుకున్న బ్లాగు సాఫ్ట్‌వేర్ నువ్వు. ఒక్కటే ఫైలు, 2,600 వరుసలు, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటాబేస్ లేదు, రాసిన ప్రతి ముక్కా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. పొలానికి పోయేవాళ్లు గుడ్డలో కట్టుకునే సద్ది గుర్తొచ్చి ఆ పేరు పెట్టాను. ఇంట్లో వండింది, ఖర్చు లేనిది, మోయడానికి తేలిక. కట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ నోరూరదు అన్నది మాత్రం అప్పుడు తట్టలేదు.

నిన్ను ఎందుకు చేశానో గుర్తుందా? అంతకుముందు నేను వాడినది (పేరెందుకులే) నా తెలుగు రాతను ముందు పేజీలో చూపించేటప్పుడు 150 దగ్గర టక్కున కోసేది. 150 అక్షరాలేమో అనుకున్నాను, కాదు, బైట్లు, కంప్యూటర్ దాచుకునే కొలత. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 లెక్కలో మనకు అక్షరానికి మూడు, గుణింతం గుర్తుకు మూడు, సున్నకు మూడు, వత్తు పెట్టాలంటే పొల్లుతో కలిపి ఆరు. మాటల మధ్య ఖాళీ మాత్రం ఒకటే. కాబట్టి కత్తి ఎక్కడ పడుతుందో చెప్పలేం, చాలాసార్లు అక్షరం నడి మధ్యలో పడి, చివర నల్లటి డైమండులో ఒక ప్రశ్నార్థకం మిగిలేది. మా అమ్మ అది చూసి "ప్రతిదాని చివర అడుగుతనే ఉన్నవ్, ఎవర్ని అడుగుతున్నవ్ బిడ్డా?" అంది.

శీర్షికనే చిరునామాగా మార్చే తెలివి కూడా దానికి ఉండేది. 'నల్గొండ' అన్న మాటను కంప్యూటర్ ఏడు గుర్తులుగా చూస్తుంది, ఏడు మూళ్లు ఇరవై ఒక్క బైట్లు, ఒక్కో బైటునూ చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడేసి అక్షరాలుగా రాస్తుంది, వెరసి 63. ఊరి పేరొక్కటే 63! ఇక పూర్తి శీర్షికతో లింకు వాట్సాప్‌లో పంపితే గూడ్సు బండి పోయినట్టుండేది. మా మేనమామ దాన్ని వైరస్ అనుకుని, ఎవరూ నొక్కొద్దని ఫ్యామిలీ గ్రూపులో హెచ్చరిక పెట్టాడు.

అందుకే నువ్వు పుట్టావు. నువ్వు మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉన్నచోటే కోస్తావు, చిరునామాకు తేదీ వేసి ఊరుకుంటావు. ఇంతే నీ విద్య. నెలకు నలభై ఒక్క మంది చదివేవాళ్లు, అందులో పదకొండు మంది మా చుట్టాలు, హాయిగా ఉన్నాం కదా.

అక్కడ ఆగి ఉంటే అయిపోయేది. హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్లు కొందరు నెలకొకసారి కలిసి ఎవరు చేసింది వాళ్లు చూపించుకుంటారని విని, పేరిచ్చి, ఏడింటి బస్సెక్కి, ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో పట్టుకుని, అమీర్‌పేట్‌లో రైలు మారి, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని సీటు ఖాళీగా ఉన్నా నిలబడి పోయాను. నాకు ఇచ్చింది పది నిమిషాలు. అక్షరం తెగడం, 63, మా మేనమామ, అన్నీ చెప్పాను, నిన్ను ఊరికే ఇస్తానన్నాను, మేనమామ దగ్గర నవ్వారు కూడా. ఆ తర్వాత ప్రశ్నలు.

వర్డ్‌ప్రెస్ ఉంది కదా బ్లాగులకు, ఇదెందుకు? పీహెచ్‌పీ ఇంకా ఎవరైనా రాస్తున్నారా? వేరేవాళ్లు రాసిపెట్టిన బయటి ప్యాకేజీలు ఎన్ని వాడావు? ఒక్కటీ లేదంటే, వారం నుంచి స్నానం చెయ్యలేదన్నట్టు చూశాడు ఒకతను. పది లక్షల మంది ఒకేసారి వస్తే తట్టుకుంటుందా? డార్క్ మోడ్ ఏది? ఈ చివరిదాని మీద వాళ్లలో వాళ్లకే వాదన పుట్టి, నల్లరంగు పూర్తి నలుపు ఉండాలా బొగ్గు రంగు ఉండాలా అని నా పది నిమిషాలు పోయి ఇంకొకాయన పది నిమిషాలు కూడా పోయాయి. తెలుగు అక్షరం తెగుతుందన్నానే, దాని మీద ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు. గదిలో ముప్పావు వంతు మంది తెలుగువాళ్లే.

నాలో ఒక లోపం ఉంది సద్దీ, సరైన జవాబు నాకు సగం దారి దాటితే గానీ తట్టదు. హయత్‌నగర్‌లో పీహెచ్‌పీ జవాబు వచ్చింది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన సొంత పేజీ కోసం రాసుకున్న పనిముట్లనే పదిమందికీ ఇచ్చాడు, దాని పేరే 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్', అది కూడా ఎవరి ఇంటి సద్దో. చౌటుప్పల్‌లో వర్డ్‌ప్రెస్ జవాబు తట్టింది. 2003లో బీ2 అని ఒక చిన్న బ్లాగు సాఫ్ట్‌వేర్ నడిపేవాడు లేక ఆగిపోతే, మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అని ఇద్దరు దాన్నే ఎత్తుకుని ముందుకు నడిపారు, ఇవాళ ప్రపంచంలో వెబ్‌సైట్లు నూటికి నలభైకి పైగా దాని మీదే ఉన్నాయి, ఆ రోజు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి 'ఉన్నవి చాలవా' అని ఎవరైనా అడిగి ఉంటే? చిట్యాలలో పది లక్షల మందికి జవాబు దొరికింది: అంతమంది వస్తే సర్వర్ సంగతి తర్వాత, ముందు చాయ్‌కి పాలు చాలవు. ఇది పక్క సీటు పెద్దాయనకు చెప్పాను. ఆయన నార్కట్‌పల్లి దాకా నావైపు తిరగలేదు.

అంతకుముందే, హైవే మీద పోచంపల్లి బోర్డు చూసినప్పుడు ఇంకో సంగతి మనసులో గుచ్చుకుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వస్తే, దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వందెకరాలు ఇస్తానన్నాడు. భూదాన ఉద్యమం అక్కణ్నుంచే మొదలైంది, అప్పుడు అది మా నల్గొండ జిల్లా. నేనూ 2,600 వరుసలు దానమిచ్చి వస్తున్నానని బస్సులో ఛాతీ కాస్త ముందుకు పెట్టుకుని కూర్చున్నాను, కానీ తేడా తెలిసేసరికి బోర్డు దాటిపోయింది. ఆయన్ను అడిగినవాళ్లున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత దేశమంతటా ఇచ్చిన భూదానాల్లో రాళ్ల నేలలూ, తగాదా భూములూ బోలెడు తేలాయంటారు, మనం బహుశా ఆ ఖాతాలో పడతాం.

లైసెన్స్ సంగతి ఒకటి. నిన్ను, ప్రోగ్రాములు అందరితో పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు లైసెన్స్ ఏదని అడిగితే, అందరూ పెడతారని ఎంఐటీ లైసెన్స్ చదవకుండా అంటించాను. తర్వాత చదివితే, కింద పెద్దక్షరాల్లో 'ఉన్నది ఉన్నట్టు' ఇస్తున్నాం, ఏ గ్యారంటీ లేదు, దీనివల్ల ఏమైనా మాకు సంబంధం లేదు అని ఉంది. మా బత్తాయి రైతుకు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు, టన్నుకు ఇంత తరుగు అని కాయ చూడకముందే కోస్తారు. నాకు మాత్రం తప్పంతా ముందే మాఫీ. అంత ధైర్యం ఇచ్చే కాగితం కింద ఉంది కాబట్టే కదా, పైన నీ పరిచయంలో 'అయిదు నిమిషాల్లో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు' అని రాయగలిగాను.

దానమిచ్చిన వారానికి అక్కడ మెచ్చుకోలుగా వేసే నక్షత్రాలు పద్నాలుగు వచ్చాయి నీకు. మూడు నేనే వేరే వేరే ఖాతాల నుంచి వేసినవి, నీ దగ్గర దాచేదేముంది.

ఇంకో పదిహేను రోజులకు, ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఒకతను నీకు సవరణ పంపాడు. మొట్టమొదటిసారి ఎవరో నా ముద్ద ముట్టుకున్నారు! రాసినదాంట్లో 'కంటికి కనిపించని పనికిరాని గుర్తులు' అన్నిటినీ ఏరి పారేస్తుంది, భద్రత కోసం, అని కింద మర్యాదగా రాశాడు. ఆనందంలో నేను పూర్తిగా చదవలేదు, కలిపేశాను, కలిపి మా అమ్మకు కూడా చెప్పాను.

తెల్లారి చూస్తే నీ పేజీల్లో 'హైదరాబాద్‌లో' అని రాసిందల్లా 'హైదరాబాద్లో' అయిపోయింది. 'సాఫ్ట్‌వేర్' అన్నచోట 'వ' కూడా వత్తుగా మారి 'ఫ' కింద 'ట' వత్తు పక్కన దూరింది. తెలియనివాళ్లకు చెప్పాలి, పొల్లు తర్వాత హల్లు వస్తే తెలుగులో అది వత్తుగా కిందికి దిగిపోతుంది, అలా దిగకుండా రెండింటి మధ్య ఒక గుర్తు వేస్తాం, అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దాని నంబరు 200సి, వెడల్పు సున్న, చూస్తే కనపడదు. ఇంగ్లిష్ రాసేవాడికి అది చెత్త. మనకు అది పొలానికీ పొలానికీ మధ్య గట్టు. గట్టు కూడా కంటికి పంటలా కనిపించదు, దున్నేస్తే మాత్రం సాయంత్రానికి పంచాయితీ పెట్టాల్సి వస్తుంది. నువ్వు పుట్టిందే తెలుగు అక్షరం చెడిపోకూడదని, దానమిచ్చిన నెలలోపే నిన్ను అక్షరం చెడగొట్టేదానిగా తయారుచేశాం, ఆ అబ్బాయి మంచి మనసుతో, నేను పొగడ్త మత్తుతో. పాత ముక్కలన్నీ బాగుచేయడానికి మూడు రాత్రులు పట్టింది. అతనికి మాత్రం 'థాంక్స్ బ్రో' అని పెట్టాను, ఇంకేం పెట్టను? మొట్టమొదటి సవరణ కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. నిన్ను ఇచ్చింది వాడుకోమని అని నేను అందరికీ చెప్పాను. వాడుకోమని కాదు సద్దీ. చూసి 'భలే చేశావ్' అని వెళ్లిపోవాలి, వాడితే మళ్లీ ఫోన్లొస్తాయి. ఈ సంగతి నాకు దేవరకొండ వైపు నుంచి ఫోన్ వచ్చిన రోజు తెలిసింది.

రిటైరైన తెలుగు సారు. మనవడు నిన్ను ఎక్కించిచ్చాడట, అయిదు నెలల నుంచి రాస్తున్నారట, నిన్ను మొత్తం మీద నిజంగా వాడుతున్న మనిషి ఆయనొక్కరే. మోటబాయి మీద మొదలుపెట్టి, తొండం, గిరక, ఎడ్లను వెనక్కి నడిపించే పాట, ఒక్కోటీ ఒక్కో ముక్కగా రాస్తున్నారు. తర్వాత తమ జ్ఞాపకాలు ఏడాది వారీగా మొదలుపెట్టారు.

"బిడ్డా, తప్పు పట్టుకుంటలేను గని, నేను 1969 అని రాసి చుక్క పెట్టి మొదలువెడితే, నీది 1 అని చూపిస్తున్నది. 1978 అంటే 2 అంటున్నది. నా బతుకంత ఒకటి, రెండు, మూడు అయిపోయె."

నా చెవులు వేడెక్కాయి. నువ్వు రాత సర్దే పద్ధతి మార్క్‌డౌన్, వరుస మొదట్లో అంకె, చుక్క, ఖాళీ ఉంటే దాన్ని జాబితా అనుకుంటుంది, ఆ అంకె ఏదైనా సరే ఒకటి నుంచి మొదలెడుతుంది. 2004లో ఆ పద్ధతి తెచ్చిన జాన్ గ్రూబర్ తన వివరణలోనే, ఏడాదితో వాక్యం మొదలుపెడితే ఈ ఇబ్బంది వస్తుంది, చుక్క ముందు వెనక్కి వాలిన గీత పెట్టండి అని ఉదాహరణతో సహా రాశాడు. నేను ఆ పేరా దాటేసి ముందుకు పోయాను. పది లక్షల మంది గురించీ ప్యాకేజీల గురించీ అడిగిన ఆ గదిలో కూడా ఎవరూ అంకెతో ఒక్క వాక్యం మొదలుపెట్టి చూడలేదు.

"ఇన్నాళ్లూ ఎట్ల రాస్తున్నరు సార్?"

"అది మీ పద్ధతేమో అనుకున్న బిడ్డా. అందుకని అక్షరాలల్ల రాస్తున్న. పందొమ్మిది వందల అరవై తొమ్మిది, కాలేజీలు బంద్, గట్ల."

ఆ రాత్రే సరిచేశాను, తెల్లారి ఫోన్ చేసి ఇక అంకెలు వేసుకోవచ్చు సార్ అన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఉండనియ్ బిడ్డా, అలవాటయింది, చదివితే కూడా మంచిగనే ఉన్నది" అన్నారు. సరే సార్ అని పెట్టేయబోతుంటే, "ఇంకొకటి అడుగుతా, ఏమనుకోకు. రాత్రిపూట ఆ తెల్లటి వెలుగుకు కండ్లు గుంజుతున్నయ్. మనవడి ఫోన్ల నల్లగ వస్తది సూడు, గట్ల అయితదా?" అన్నారు.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. నీకు నల్లరంగు వేస్తూ కూర్చున్నాను. పూర్తి నలుపా, బొగ్గు రంగా అన్నది తేలలేదు. నువ్వు మాత్రం నవ్వకు.

ఇట్లు,
నిన్ను కట్టినవాడు,
నల్గొండ