గొడవ గోడది కాదు, అడ్వాన్సుది

పరీక్షలు అయిపోతే చాలు, హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర సందుల్లో ఒకటే పంచాయితీ. అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు పెట్టెలు సర్దుకుని అడ్వాన్సు అడుగుతారు. ఓనర్ గోడల వంక చూస్తాడు. మేకు కొట్టినందుకు ఇంత, సున్నానికి ఇంత, మోటారు కరెంటుకు ఇంత. అన్నీ పోను చేతిలో పడేది ఊరెళ్లడానికి బస్సు చార్జీలే.

ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని పెద్దమనుషులు చెబుతుంటారు. డబ్బు ఒకరి దగ్గరే ఉన్నప్పుడు రెండోవాడు మాట్లాడేదేముంది, బతిమాలడం తప్ప?

అందుకే అడ్వాన్సు ఓనర్ ఇష్టానికి వదలకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2007 ఏప్రిల్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే చెబుతారు. ఓనర్ తీసుకున్న డిపాజిట్‌ను 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమ చేయాలి, లేదా దానికి బీమా చేయించాలి. పేచీ వస్తే మధ్యవర్తి ఇద్దరి కాగితాలూ ఫొటోలూ చూసి తేలుస్తాడు. గోడ పాడైందని రుజువు చూపాల్సింది ఓనరే. మన కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంది. బాగానే ఉంది, కానీ ఆ రెండు నెలల డబ్బూ ఓనర్ దగ్గరే ఉంటుంది! కాకతీయ యూనివర్సిటీ, ఊళ్లోని కాలేజీలు కలిసి అడ్వాన్సులు జమ చేసే ఒక ఉమ్మడి ఖాతా తెరిస్తే సరిపోతుంది. గదిలో దిగిన రోజే ఫొటోలు తీసి ఆ ఖాతా కాగితాలతో పాటు పెట్టుకోవచ్చు.

ఓనర్ల బాధ అబద్ధమని అనను. పెన్షన్ డబ్బుతో పై అంతస్తు వేసి, ఆ అద్దెతో మందులు కొనుక్కునేవాళ్లున్నారు. మూడు నెలలు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఖాళీ చేసిన కుర్రాళ్లూ ఉన్నారు. అడ్వాన్సు పట్టుకోకపోతే మా గతేంటని వాళ్లు అడగడం న్యాయమే.

అయితే అద్దె ఎందుకు ఆగుతోంది? అసలు సంగతి ఇక్కడుంది. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు స్కాలర్‌షిప్‌ను నమ్ముకుని గది తీసుకుంటాడు. సర్కారు ఏళ్ల తరబడి బకాయి పెడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. కాలేజీ అయితే గేటుకు తాళం వేసి అడగగలదు. గదిలో ఉన్న పిల్లవాడు ఒకటో తారీఖున ఓనర్‌కు కనపడకుండా వెనక మెట్లు దిగి పోతాడు. కాబట్టి ఉమ్మడి ఖాతా తెరిచిన నాడే ఇంకో పని కూడా జరగాలి. స్కాలర్‌షిప్ కింద ఉండడానికి, తిండికి పిల్లలకు రావాల్సిన మెయింటెనెన్స్ డబ్బు ఏ నెలది ఆ నెల, అద్దె తారీఖుకు ముందే పడాలి.